తలుపు కింద వైరు

గదిలోని కంప్యూటర్‌కు నెట్ పోయినప్పుడల్లా భర్త హాల్లోకి అరిచేవాడు: "నీ చీపురు తగలెయ్య! మళ్లీ వైరు లాగావా?" ఆరు నెలలుగా ఆమె ఆ వైరును చూసి పాముకు జడిసినట్టు జడిసి, పక్కనుంచి ఊడుస్తోంది.

చివరికి నెట్ బాగుచేసే అతను వచ్చాడు. వైరు చివర పిన్ను మార్చాడు, లాభం లేకపోయింది. గది గడప దగ్గర చతికిలబడి, తలుపు కింద నలిగిపోయిన వైరు చూపించాడు.

"చీపురు కాదు సార్. ఎవరో ఈ తలుపు ధడాలున వేస్తున్నారు."

ఆ ఇంట్లో తలుపులు విసిరికొట్టే హక్కు ఒక్కరిదే. ఇప్పుడైనా తప్పు తనదేనని ఒక మాట అంటాడేమోనని ఆమె భర్త ముఖంలోకి చూసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అయితే కొత్త వైరు తలుపు పైనుంచి లాగు బాబూ."

సాయంత్రం తలుపు మళ్లీ ధడాలుమంది. నెట్ మాత్రం పోలేదు.