మూల మీది క్లోరైడు

నేను ఒక ఉప్పురవ్వను. కంగారుపడకండి, కూరలో వేసుకునేదాన్ని కాను. రవ్వ లోపల అయాన్లు ఎలా సర్దుకుని కూర్చుంటాయో పిల్లలకి చూపించే కర్రబొమ్మను. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే చేతులే నన్నూ చేశాయి. అంకుడు కర్రతో ఇరవై ఏడు గుండ్లు: సోడియానివి ఎర్రవి, క్లోరైడువి ఆకుపచ్చవి, మధ్యమధ్య పుల్లలు. అక్కడినుంచి అనకాపల్లిలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకి చేరాను.

చలపతి మేస్టారు ఏటా నన్ను పైకెత్తి, నట్టనడుమ ఉన్న ఎర్రగుండునే చూపించేవారు. "దీని చుట్టూ ఎందరర్రా? ఆరుగురు. అదే సమన్వయ సంఖ్య." క్లోరైడు సంగతి పుస్తకంలో చూసుకోమనేవారు. పిల్లలు నన్ను చూడకుండానే 'ఆరు' అని బట్టీపట్టి గట్టెక్కేవారు. మనుషులకు కళ్లకన్నా నోటిమీదే నమ్మకం ఎక్కువ.

నూకరత్నం అలా కాదు, ఏదైనా తాకి లెక్కపెట్టుకునే పిల్ల. ప్రాక్టికల్స్ ఒకసారి తప్పింది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లమ్మ, ఈసారీ పోతే తనతో పనికి రమ్మంది.

పరీక్షనాడు బయటినుంచి వచ్చిన పెద్దాయన నన్ను ఆమె ముందు పెట్టారు. "క్లోరైడు చుట్టూ ఎన్ని సోడియాలమ్మా?"

నా మూలనున్న ఆకుపచ్చగుండు పట్టుకుంది. "మూడండి. లెక్కెట్టేనండి."

"పుస్తకం ముట్టుకున్నావా అసలు?" అని ఆయన సున్నా చుట్టేశారు.

ఆమె లెక్క తప్పు కాదు. నాకు మూల దగ్గర ముగ్గురే ఉన్నారు. అసలు ఉప్పు నాలాగా అక్కడ ఆగిపోదు, మిగతా ముగ్గురూ అవతల ఉంటారు. ఆ సంగతి చలపతి మేస్టారికి తెలుసు. పెద్దాయన ఎదుట నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు నిలబడ్డారు. నాకా, నోరే లేదు. ఆ ఒక్కరోజుకైనా ఉంటే బాగుండునని ఇప్పటికీ ఏడుపొస్తుంది. రెండు మార్కుల్లో పోయింది పిల్ల.

మర్నాడే మేస్టారు నా మూలగుండుకి బయటివైపు మూడు బోసిపుల్లలు గుచ్చారు.

ఏడాది తర్వాత టి.సి. కోసం నూకరత్నం వచ్చింది. జీడిరసానికి వేళ్ల చివర్లు కాలి నల్లబడ్డాయి. ఆ వేళ్లతోనే నన్ను దగ్గరికి లాక్కుని, పుల్లలన్నీ ఒక్కొక్కటే తడిమింది.

"ఆరండి," అంది. "ఇవెప్పుడెట్టేరండి?"

"నువ్వెళ్లిపోయాక," అన్నారు మేస్టారు. "ఆరోజు నీది తప్పు కాదమ్మా. నేను చెప్పవలసింది, చెప్పలేదు."

ఆమె కాగితం మీద సంతకం పెట్టించుకుని, షిఫ్టు వేళయిందని వెళ్లిపోయింది.