పాత సున్నం

తిత్లీ తుపాను వరద వచ్చిన తర్వాత ఐదో ఏడు అది. ఒడిశా తీరాన హుమ్మలో ఉప్పు తీసే ఎండాకాలం. మా తమ్ముడు పైడన్న ఉప్పు కావడి దించి, గట్టు మీద కూర్చుని, ఇంక లేవలేదు. పడిపోలేదు. అలసిపోయాడు. అప్పటికి ఏడాదిగా అలాగే అలసిపోతున్నాడు.

వాడి కూతురు చందన బరంపురం గేట్ బజార్‌లో బట్టల కొట్లో పని చేస్తుంది. అదే వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను.

కామెర్లు దించడం మా అమ్మ నుంచి నాకు వచ్చింది. మంగళవారాలు మనుషులు వస్తారు. రోగి చేతులకు మామిడి బెరడు రసం పట్టించి, సున్నపు నీళ్లు పోసి కడుగుతాను. పళ్లెంలోకి పసుపు నీళ్లు దిగుతాయి. రోగం దిగిందంటారు. తెల్లగా దిగితే ఒంట్లో రోగం లేనట్టే. డబ్బు పుచ్చుకోను. దించేవాడు తన చేతులు అలా కడుక్కోకూడదని అమ్మ చెప్పింది. కడుక్కోలేదు. పదేళ్ల కిందట, ఫైలిన్ తుపాను వరద ఏడాది, పైడన్నకు కళ్లు పచ్చబడితే నేనే దించాను. నెల తిరక్కుండా కళ్లు తెల్లబడ్డాయి. మరిచిపోయాం.

డాక్టరు సుశ్మిత గారు మన తెలుగువాళ్లే.

"తాగుతారా?" అని అడిగారు.

"నేనా? మా అన్నియ్య సంపేత్తాడు," అన్నాడు పైడన్న.

"షుగర్ ఉందా?"

"టీలో ఏసుకుంతాను తల్లీ."

రక్తం తీశారు. పక్కటెముకల మధ్య చిన్న గొట్టం లాంటిది ఆనించి, టక్కు టక్కుమని తట్టే మిషనుతో కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచారు. అంతసేపూ ఏమీ తిననివ్వలేదని వాడు సణుగుతూనే ఉన్నాడు.

తర్వాత మళ్లీ వెళ్తే డాక్టరమ్మ చెప్పారు. "రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉంది. చాలా ఏళ్లుగా ఉండాలి. అది కాలేయాన్ని కొంచెం కొంచెం గాయం చేస్తుంది. గాయం మానినచోట మచ్చ పడుతుంది. మచ్చలు పెరిగి కాలేయం గట్టిపడుతోంది. తాగుడు వల్ల వస్తుంది, కొవ్వు పట్టినా వస్తుంది. మీకు ఈ వైరస్ వల్ల వచ్చింది. నాలుగు మెట్లు అనుకుంటే మూడో మెట్టు మీద ఉన్నారు."

"నాలుగోదయితే?" అంది చందన.

"పొట్టలో నీరు, రక్తం కక్కుకోవడం. క్యాన్సర్ కూడా రావచ్చు. అందుకే రోజుకో మాత్ర. వైరస్ అణిగి ఉంటే మచ్చ కూడా కొంత మెత్తబడుతుంది. మీ అంతట మీరు మానకూడదు. ఆరు నెలలకోసారి స్కానింగుకి రండి."

"ఎక్కణ్నించి వచ్చినాది తల్లీ ఇది?"

"ఒకరికి వాడిన సూది కావచ్చు, బ్లేడు కావచ్చు. ఇప్పుడు చెప్పలేం. ఇంట్లో అందరూ రక్తం చూపించుకోండి."

"కామెర్లు అప్పుడే మా అన్నియ్య దించేసినాడు కదమ్మా."

ఆవిడ నా వైపు చూశారు. "కళ్లలో పచ్చ పోవడం వేరు, వైరస్ పోవడం వేరు," అన్నారు. నేను నేల చూశాను.

అందరం రక్తం చూపించుకున్నాం. నాకు ఏమీ లేదని కాగితం ఇచ్చారు.

మూడు నెలలు మాత్ర వేసుకున్నాడు. వానల్లో ఒక మంగళవారం వచ్చి నా ముందు చేతులు చాచి కూర్చున్నాడు.

"మాత్ర మాత్రే, నీ సెయ్యి నీ సెయ్యే. కడుగు."

కడిగాను. సున్నం పాతది, చేవ చచ్చింది. రంగు తేలలేదు. వాడు పళ్లెంలోకి చూసి పెళ్లాన్ని కేకేశాడు. "కూర్మీ! సూడే, తెల్లగా దిగినాయి. రోగం పోయినాది."

సున్నం పాతదని నాకు తెలుసు. వాడు ఏడాదిగా నవ్వలేదు, ఇప్పుడు నవ్వాడు. ఊరుకున్నాను.

దసరా వెళ్లాక ఒక సోమవారం చందన ఇంటికి వచ్చింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే మాత్రల పట్టీలు దొరికాయి. రెండు నెలలవి. ఒక్కటీ విప్పలేదు.

"ఏటి నానా ఇది?"

"తగ్గిపోయినదానికి మాత్రెందుకే? అవి కడుపులో ఏడి సేత్తన్నాయి."

"తగ్గినాదని ఎవులు సెప్పినారు?"

"మీ పెదనాన పళ్లెం సెప్పింది. మీ డాక్టరమ్మ మిషను నిన్న మొన్నటిది. ఇది మా యమ్మ కాలం నాటిది."

చందన డాక్టరమ్మకు ఫోను చేసింది. ఇలా మానితే కాలేయం ఒక్కసారే దెబ్బతినొచ్చని, ఇవాళే మాత్ర వేయించి రేపు తీసుకురమ్మని ఆవిడ చెప్పారు. పైడన్న వెయ్యనన్నాడు. అది ఏడ్చింది, తిట్టింది. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు అది నా దగ్గరికి వచ్చింది.

"పెదనానా, నీ మాటొక్కటే ఇంటాడు. నువ్వేమో నోరిప్పవు. నాన పోయినాక ఇప్పుతావేటి?"

"బావగారినలా అనకే," అంది కూర్మమ్మ.

"ఎవులూ అనకే ఇంతవరకూ వచ్చినాది."

నేను కొట్టుకు వెళ్లి కొత్త సున్నం తెచ్చి తడిపి పెట్టాను.

మర్నాడు మంగళవారం. చికిటి నుంచి ఒకాయన కళ్లు పచ్చగా చేసుకుని, భార్యతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను పైడన్నను పిలిచాను. రోగులు కూర్చునే పీట మీద నేను కూర్చున్నాను. బెరడు రసం నా చేతులకు రాసుకున్నాను.

"పొయ్యి," అన్నాను.

"అన్నియ్యా, నువ్వు కడుక్కోకూడదు. అమ్మ సెప్పినాది."

"పొయ్యిరా."

సున్నపు నీళ్లు పోశాడు. తెల్లగా దిగితే నేనేమనేవాడినో నాకు తెలీదు. నా చేతుల మీద నుంచి పసుపు కలిపినట్టు దిగాయి. పళ్లెం నిండింది.

"నాకు ఏ రోగమూ నేదు. కాయితం ఉంది," అన్నాను. "ఇది బెరడు రంగు. ఆవేళ నీకు రంగు తేలనిది సున్నం పాతదయి. నాకు తెలుసు. సెప్పనేదు."

వాడు పళ్లెం మీదికి వంగాడు.

"మరి ఫైలిన్ అప్పుడు నాకు దించినది?"

"దించనేదు. దానికదే తెల్లబడింది. లోపల ఉండిపోయింది."

చికిటి ఆవిడ "మరి మా ఆయనకో?" అంది. "ఆసుపత్రికి," అన్నాను.

పట్టీలోంచి ఒక మాత్ర తీసి పైడన్న చేతిలో పెట్టాను. మింగాడు. నీళ్లు అడగలేదు. పళ్లెం కడిగి గుమ్మం పక్కన బోర్లించాను. చొక్కా వేసుకుని, చికిటి వాళ్లనీ, పైడన్ననీ వెంటబెట్టుకుని బరంపురం బస్సు ఎక్కాను. వాడు నా పక్కన కాకుండా వెనక సీట్లో కూర్చున్నాడు. టిక్కెట్లు అందరికీ నేనే తీశాను.