ఇరవై నాలుగు జానలు

ఆ వీధిలో అతన్ని అందరూ జానల మెకానిక్ అనేవారు. నలభై ఏళ్లు మోటారు సైకిళ్లు బాగుచేశాడు కానీ, ఒక్కనాడూ టేపు ముట్టినవాడు కాదు. గొలుసు వదులు చూడాలంటే రెండు వేళ్లు అడ్డం పెట్టేవాడు. పొడవు చూడాలంటే బొటనవేలూ చిటికెనవేలూ బారజాపి జానలు వేసేవాడు. పెళ్లైన కొత్తలో భార్య కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీయించి, తన జాన ఆమె చేతే కొలిపించాడు. సరిగ్గా తొమ్మిది అంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు. "చూశావా, దేవుడు నాకు చేతికే టేపు కట్టి పంపాడు" అని నవ్వాడు. ఆవిడా నవ్వింది. అంతే, ఆ లెక్క ఇక శిలాశాసనం.

నలభై ఏళ్లు గొంతుక్కూర్చుని పనిచేస్తే మోకాళ్లు ఊరుకుంటాయా? పోయిన ఏడాది కొట్టు మూసేశాడు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు, ఇంక నేలమీద కూర్చుంటే లేవడం మరిచిపోవడమేనని. ఇంటిపక్క షెడ్డులో బండ్లు చూసుకుందామంటే అక్కడా నేలమీదే కూర్చోవాలి. పని లేక మనిషి మౌనవ్రతం పట్టినట్టయిపోయాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. బండిని నడుము ఎత్తుకు లేపే లిఫ్టు కొంటే నిలబడే పనిచేసుకోవచ్చని ఆవిడ తమ్ముడు చెప్పిన రోజునే మళ్లీ గొంతు విప్పాడు. దాని మీదే ఉంది ఆవిడ ఆశంతా.

తమ్ముడు ఫోనులో రెండు రకాలు చూపించాడు.

"ఇది చిన్నది బావా. బండి కడుపు కింద పెట్టి లేపుతుంది. చోటు తినదు."

"లేపితే ఎంత లేపుతుందిరా? మోకాలెత్తు. మళ్లీ వంగాలి కదా నేను. ఈ పెద్దది చూడు. బల్లలా ఉంది. ర్యాంపు మీంచి బండి ఎక్కించి, కాలితో పెడలు తొక్కితే నడుముదాకా వస్తుంది."

"అది ర్యాంపుతో కలిపి పది అడుగులు బావా. దాని వెనక బండి తిన్నగా నిలబడడానికి ఇంకో ఏడు. నీ షెడ్డుకి తలుపు పక్క గోడలో ఉంది. బండి లోపలికొచ్చి తిరగాలి. పదిహేడడుగులు లేకపోతే ఎక్కదు."

"కొలుద్దాం పద."

ఆవిడ సుద్దముక్క పట్టుకుని వెంట వెళ్లింది. అతను వంటింటి గోడనుంచి మొదలుపెట్టి, నిలబడే, షెడ్డు గోడమీద జాన వేసినప్పుడల్లా ఆవిడ గీత గీసి పైకి లెక్కపెట్టింది. అతని వేళ్లు మునుపటిలా చాచుకోవడం లేదని ఆవిడకు తెలుసు. రోజూ నూనె రాసేది ఆవిడే. కణుపులు వాచి, బొటనవేలు లోపలికి ముడుచుకుంది.

"టేపు తెమ్మంటావా?" అంది మెల్లగా.

"జాకెట్లు కొలిచేదాంతో షెడ్డు కొలుస్తావా? దీనికి చేతులెక్కడ, మెడెక్కడ అని అడుగుతావు కాబోలు!"

ఏడాది తరవాత అతను ఆడిన మొదటి హాస్యం అది. ఆవిడ ఇంకేం మాట్లాడలేకపోయింది. నవ్వేసి, ఇరవై నాలుగో గీత గీసింది.

"ఇరవై నాలుగు తొమ్మిదులు... పద్దెనిమిది అడుగులు!" అన్నాడు. "ఇంకో అడుగు మిగిలింది కూడా. అక్కడ నీకు కుర్చీ వేస్తాలే, నా పని చూసుకుంటూ కూర్చుందువుగాని."

లిఫ్టు వచ్చింది. బిగించే మనిషి వంటింటి గోడకు ఆనించి, నేలకు కన్నాలు చేసి, బోల్టులు దించి, నూనె పోసి వెళ్లిపోయాడు. బాగుచెయ్యమని ఆ వీధిలోని టీచరు వదిలివెళ్లిన బండిని తమ్ముడు తలుపులోంచి లోపలికి తోశాడు. ముందు చక్రం ర్యాంపు అంచుకు తగిలింది. వెనక చక్రం తలుపులోనే ఉండిపోయింది. వెనక్కి లాగి, పక్కకు వంచి, ఎత్తి పెట్టి చూశాడు. బండి ఎటు తిప్పినా ర్యాంపుకు ఎదురుగా రాలేదు.

"గోడ కొట్టిద్దాం బావా."

"అవతల పక్కింటివాళ్ల పడకగది. ఇవతల మీ అక్క పొయ్యి. ఏది కొడతావురా?"

"లిఫ్టు అమ్మినవాళ్లకి తిరిగిచ్చేద్దామంటే, బోల్టు దించాక తీసుకోరట."

ఆవిడ లోపలికెళ్లి టేపు తెచ్చింది. తమ్ముడు ఒక కొస పట్టుకున్నాడు. పదిహేను అడుగులు.

"నీ టేపు సాగిపోయింది" అన్నాడు అతను.

ఆవిడ అతని చెయ్యి అందుకుని, పెళ్లైన కొత్తలోలాగే బల్లమీద పరిచింది. వేళ్లు చాచాడు. చాచగలిగినంతా చాచాడు. టేపు మీద ఏడున్నర అంగుళాలు.

అతను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. తరవాత చూపుడువేలూ మధ్యవేలూ దగ్గరపెట్టి వాటి లావు చూసుకున్నాడు.

"ఏమే, కొట్టు మూసేముందు గొలుసు ఊడిపోతోందని ముగ్గురు తిరిగొచ్చారు, గుర్తుందా? బండ్లు పాతవని నేనే వాళ్లమీద కేకలేశాను."

"ఆ ముచ్చట ఇప్పుడెందుకయ్యా?"

"ఈ వాచిన వేళ్లు పెట్టి రెండు వేళ్ల వదులు ఇచ్చాను. గొలుసు ఊడకేం చేస్తుంది? ఒకడు పడ్డాడు కూడా." తలెత్తి ఆవిడవైపు చూశాడు. "నీకు తెలుసు కదే, నా వేళ్ల సంగతి?"

ఆవిడ టేపు చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"టేపుతో కొలుచుకుంటే సరి బావా, అదేమంత..." అని తమ్ముడు అనబోయాడు.

"చెయ్యి పోయాక టేపు ఏం చేస్తుందిరా? టీచరుగారికి కబురు చెయ్యి, బండి తీసుకెళ్లమను."

తమ్ముడు బండి తోసుకుంటూ బయటికి వెళ్లాడు. అతను పెడలు తొక్కడం మొదలుపెట్టాడు. ఖాళీ బల్ల కొంచెం కొంచెంగా పైకి లేచి అతని నడుము దగ్గర ఆగింది. రెండు చేతులూ దానిమీద ఆనించి, నిటారుగా నిలబడి చూసుకున్నాడు.

"ఎత్తు మాత్రం సరిగ్గా సరిపోయిందే" అన్నాడు.

అదే చివరి మాట ఆ రోజుకి. మర్నాడూ మాట్లాడలేదు. మూడోరోజు ఆవిడ తడిగుడ్డ పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, గోడమీది గీతలు ఒక్కొక్కటే తుడిచింది. ఈసారి పైకి లెక్కపెట్టలేదు.