పోయినోళ్ల పేర్లు

మా చెల్లెలి అత్త గోపమ్మతో వేగడం ఆ దేవుడి తరం కూడా కాదు. దేవరకొండ దవాఖానలో ఆ రోజు నా ఓపిక కాస్తా అయిపోయింది.

చెల్లెలు అండాలు కొడుకు బిక్షపతికి ఆరేళ్లు. పుట్టినప్పటి నుంచీ ఒళ్లంతా గజ్జి, చెవిలో చీము, ఊరికే ముక్కులోంచి నెత్తురు. ఏడాదిగా మెడ మీద గడ్డ. క్షయ గడ్డ అనుకుని సూదులు వేయించారు. అది తగ్గకపోగా నిమ్మకాయంత అయింది.

కొత్తగా వచ్చిన డాక్టరు వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి మెడ, చంకలు, కడుపు నొక్కి చూశాడు.

"వీడికి ముందు పిల్లలు పుట్టారా? ఎవరైనా పోయారా?"

"లేదు సారూ, గీ ఒక్క నలుసే" అంది గోపమ్మ టక్కున.

అండాలు తల వంచుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. వీడికి ముందు ఇద్దరు మగపిల్లలు పోయారు. అందుకే వీడు పుట్టగానే చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. పొరుగామె ఎత్తుకుంటే ఆమె దగ్గర భిక్షగా అడిగి తెచ్చుకున్నారు. వాడి పేరూ అలా వచ్చిందే. పోయినవాళ్ల పేరెత్తితే ఉన్నవాడికి కీడట! పోయినేడు పాత డాక్టరు అడిగినా గోపమ్మది ఇదే అబద్ధం.

"ఇద్దరు పోయిన్రు సారూ! గిట్లనే గజ్జి, జరం, నెత్తురు విరేచనాలు. ఏడాది నిండలే" అన్నాను.

"నీ నోట్ల మన్నువడ! పోరని ముందట అంటవా?" గోపమ్మ నా మీదికి వచ్చింది.

"పడితే పడనియ్ అత్తా! వాడు బతకాల్నా వద్దా?"

డాక్టరు మొహం మారిపోయింది. "ఇది క్షయ కాకపోవచ్చమ్మా. కొన్ని ఇళ్లలో మగపిల్లలు రోగాన్ని తట్టుకునే శక్తి లేకుండానే పుడతారు. అలాంటివాళ్లకు గడ్డల్లో కాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ. వెంటనే హైదరాబాదు తీసుకుపోండి, ముక్క తీసి పరీక్ష చేస్తారు. పోయినేడే చెప్పి ఉంటే అప్పుడే పంపేవాళ్లు కదా!"

అండాలు వాణ్ణి బల్ల మీంచి దించి ఒళ్లో పెట్టుకుంది. గోపమ్మ మాత్రం పోరని చెవిన పడ్డదని ఇంకా నన్నే తిడుతోంది.

"నాకు ఎర్కేనే అవ్వా" అన్నాడు బిక్షపతి. "మైసయ్య, గాలయ్య. అమ్మ పొయ్యికాడ ఏడ్సుకుంట అంటది గద."

గోపమ్మ వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నాకు వాడి మీద కూడా కోపం వచ్చింది.

"ఎర్కుంటే సారు అడిగినప్పుడు చెప్పొద్దారా?"

"చెప్తే అవ్వ బుగులు పడ్తది గద పెద్దమ్మా, నేను గూడ సచ్చిపోతనని" అన్నాడు.