నారి ఎక్కిన విల్లు

మా మావయ్యగారు ఓపిక ఉన్నన్నాళ్ళూ విలువిద్య నేర్పిన మాస్టారు. ఆయనకు కొడుకు ఒక్కడే గానీ, విళ్ళు మాత్రం గదినిండా ఉన్నాయి. కొడుక్కి జ్వరమొస్తే మాత్ర వేసుకోమంటారు. విల్లుకు చెమ్మ తగిలితే ఆయనకే జ్వరమొస్తుంది. అత్తగారు పోయాక పగలంతా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మా ఆయన పొద్దున మిల్లుకు వెళ్తే మళ్ళీ దీపాల వేళకే రావడం.

ఆ విళ్ళకు ఇన్సూరెన్స్ చేయించాలన్న బుద్ధి మా ఆయనకే పుట్టింది. కంపెనీ నుంచి వచ్చిన సర్వేయరు కిటికీకి గ్రిల్లు, తలుపుకు కొత్త తాళం పెట్టించాడు. ఒక షరతు మాత్రం గట్టిగా చెప్పాడు. ఏ విల్లునూ నారి ఎక్కించి వదిలేయకూడదు. రోజుల తరబడి వంగి ఉన్న విల్లు సత్తువ పోయి విరుగుతుంది, అలా విరిగితే కంపెనీకి పూచీ లేదు.

"నాకే పాఠాలు చెప్తున్నాడు చూడమ్మాయ్!" అని మావయ్య మూతి విరిచారు. తాళంచెవి ఒకటి ఆయన జేబులో పెట్టుకుని, రెండోది నా చేతికిచ్చారు. ఆ చెవే నా కొంప ముంచింది.

కొన్నాళ్ళకే ఓ పొద్దున ఆ విళ్ళలో కొమ్ముతో చేసిన విల్లు నారి ఎక్కి కనిపించింది. మావయ్య నారి దించి పెట్టారు. మర్నాడు మళ్ళీ ఎక్కి ఉంది.

"ఎవరు ముట్టుకున్నారమ్మాయ్?"

"నాకేం తెలుసు మావయ్యా! నేనా గది గడపే తొక్కలేదు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావెందుకు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత వండి పెట్టి, మందులు గుర్తు చేసి, చివరికి దొంగనయ్యానా! అసలు ఆ విల్లు సంగతి ఆయనకు తెలీదా? నారి తీస్తే అది తేలు కొండిలా వెనక్కి ముడుచుకుంటుంది. దాన్ని సెగ చూపించి, మోకాళ్ళ మధ్య నొక్కిపట్టి, ముడుచుకున్నదాన్ని అటు నుంచి ఇటు తిప్పి నారి తగిలించాలి. తెలియనివాడు పట్టుకుంటే విల్లయినా విరుగుతుంది, పళ్ళయినా రాలతాయి. నాకు సీసా మూత తీయడమే సరిగా రాదు.

మా ఆయనతో చెప్పుకుంటే, "పెద్దాయన, ఏదో అన్నాడులే" అన్నాడు. పెద్దాయన అంటే చాలు, నా నోటికి తాళం వేసినట్టే. కానీ మావయ్య అనుమానం ముదిరింది. నేను వరండాలోకి వెళ్తే వెనకే వచ్చేవారు. నేను పెట్టిన అన్నం వాసన చూసి తినేవారు. భయం వేసింది, ఏడుపూ వచ్చింది.

మళ్ళీ వచ్చిన సర్వేయరు గ్రిల్లూ తాళమూ తడిమి చూసి, నన్నోసారి ఎగాదిగా చూశాడు. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కెమెరా పట్టిస్తుందిలెండి," అన్నాడు. పెట్టించండి, ఇప్పుడే పెట్టించండి అని అందరికన్నా ముందు అరిచింది నేనే.

కెమెరా బిగించిన మర్నాడే విల్లు మళ్ళీ నారి ఎక్కింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కెమెరాకు కలిపిన ఫోను పట్టుకుని మావయ్య పక్కన దర్జాగా కూర్చున్నాను. నా నిర్దోషిత్వం ఆయన కళ్ళతోనే చూపిద్దామని.

రాత్రి పడిన వీడియోలో గది తలుపు తెరుచుకుంది. బనీనుతో ఒక మనిషి వచ్చి కింద కూర్చుని, విల్లును సెగకు కాచి, పసిపిల్లను ఒళ్ళో వేసుకున్నంత మెల్లగా మోకాళ్ళ మధ్య పెట్టుకుని నారి ఎక్కించాడు. మావయ్యే.

నేను ఫోను పక్కకు తిప్పేయబోయాను. ఆయన మాత్రం తొడ చరిచారు.

"దొరికాడు! ఎంత నేర్పో చూడు వెధవకి. ముసలాడే గానీ ఆ పట్టు చూడు!"

వేళాకోళం అనుకున్నాను. ఆయన మొహంలోకి చూశాను. అక్కడ నవ్వు లేదు.

"మావయ్యా, సరిగ్గా చూడండి. అది..."

"చూస్తూనే ఉన్నాగా. ఎన్నడూ చూసిన మొహం కాదు."

లేచి విళ్ళ గదిలోకి వెళ్ళారు. ఆ కొమ్ము విల్లే తీసుకుని, నారికి బాణం తొడిగి, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. వేళ్ళు వణకడం లేదు. రోజూ కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికే వేళ్ళే అవి.

పొద్దు వాలుతోంది. మా ఆయన వచ్చే వేళ. బట్టతల, వంగిన భుజాలు, నడక, అన్నీ తండ్రిని అచ్చు గుద్దినట్టుంటాడు. వస్తూనే చెప్పులు విప్పి, "నాన్నా" అంటూ ఆ గదిలోకే పోతాడు. ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మిల్లు మోతలో వినపడదు, బండి మీదుంటే అసలే వినపడదు. ఆ బాణం ఎలాగైనా దింపించాలి. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"దొంగను నేనే మావయ్యా," అన్నాను. "తప్పయిపోయింది. ఇంకెప్పుడూ ముట్టుకోను. బాణం కింద పెట్టండి."

ఆయన మొహం మెత్తబడింది. "ఒప్పుకున్నావు, మంచిది. ఇంటి పిల్లవి, నిన్నేం చేస్తాను?" అన్నారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. బాణం మాత్రం దిగలేదు.

"మరి నీకు సాయమొచ్చిన ఆ ముసలాడు? వాడు నీకేమవుతాడు?"

అబద్ధం ఆడదామంటే నోరు రాలేదు.

"మావయ్య అవుతారు," అన్నాను.

ఆయన తల ఊపారు. "అయితే రావద్దని చెప్పు తల్లీ. వస్తే చంపేస్తాను."

బయట గేటు చప్పుడైంది.