మళ్ళీ మొదటి నుంచి నలభై

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం సాయంత్రం మంగాయమ్మ కూతురి ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలోనే చిన్నమ్మి నుదుటి మీది బూడిద కనిపించింది. ఆ బూడిద కింది మొహం కూడా ఇంచుమించు అదే రంగులో ఉంది. ఒళ్ళో మూడు నెలల పిల్లాడు రొమ్ము పట్టి లాగుతున్నాడు, వదిలేస్తున్నాడు, గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

“ఏటే, పాలు పడ్డం నేదా?”

“పడతాయిలే అమ్మా. ఈడికే ఓపిక నేదు.”

“పొద్దున్న ఏటి తిన్నావు?”

చిన్నమ్మి పిల్లాడి మీదికి పైట సర్దుకుంది. మూల కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్న ఆమె అత్త పైడితల్లి చెప్పింది.

“ఏటీ తిననేదు ఒదినా. నలభై దినాలూ ఒంటిపూటే. దీపాలెట్టినాక ఇంత అన్నం, పచ్చిపులుసు. నీసు నేదు, గుడ్డు నేదు, పాలూ నేవు. మొక్కుకుంది.”

మంగాయమ్మ చోడవరంలో బాప్టిస్టు మిషనువారి బైబిలు స్త్రీ. చంకన సంచీ తగిలించుకుని పేటలన్నీ తిరిగి, ఆడవాళ్ళ అరుగుల మీద కూర్చుని వాక్యం చెప్పడం ఆమె ఉద్యోగం. భర్త పోయిన పద్నాలుగేళ్ళ నుంచీ ఆ సంచీయే ఆమెకి అన్నం పెడుతోంది. అలాంటి మనిషి ఒక్కగానొక్క కూతుర్ని కథోలికుల ఇంట ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళే కొద్ది. వాటిలో తాగని పిల్లాడు కావాలంటే, గానుగ దగ్గర బెల్లం వండే పెదబాబు ఒక్కడే కనిపించాడు. పాస్టరుగారు ఆర్నెల్లు ఆమెతో ముభావంగా ఉండి, తర్వాత మామూలైపోయారు. ఆరాధన వేరు, పిల్ల సుఖం వేరని మంగాయమ్మ తనకి తను చెప్పుకుంది.

పిల్ల సుఖంగానే ఉండేది, బిడ్డలు నిలిచి ఉంటే. మొదటివాడు ఏడో రోజున పోయాడు. రెండోది రెండో నెలలో. ఈ మూడోవాడికి నెల నిండకుండానే జ్వరం తగిలితే, చిన్నమ్మి మరియమ్మ పటం ముందు పడి మొక్కుకుంది. వీడు బతికితే ఈస్టరుకి ముందొచ్చే తపస్సు కాలం నలభై రోజులూ ఒంటిపూట ఉపవాసం చేస్తానంది. జ్వరం తగ్గింది. ఇప్పుడు మొక్కు చెల్లిస్తోంది.

“ఒలే, నా మాటినవే,” అంది మంగాయమ్మ కూతురి పక్కన కూలబడి. “ఈ నలభై దినాలు బైబిల్లో ఎక్కడుందో సూపించు. మనుషులెట్టుకున్న కట్టుబాటే ఇది.”

“ప్రభువు అరణ్యంలో నలభై దినాలు ఉపవాసం ఉన్నాడా నేదా?”

“ఉన్నాడు. ఆయన ఒళ్ళో సంటిగుంటడు లేడు.”

పైడితల్లి కిసుక్కున నవ్వి, నవ్వినందుకు నుదుట సిలువ గుర్తు వేసుకుంది. ఆవిడా ఉపవాసమే. పుల్ల గీసి, నిప్పు నోట్లోకి పెట్టి పీల్చే అడ్డపొగ చుట్ట నలభై రోజులూ మానేసింది. “సుట్ట నేకపోతే నా నోరు నాకే పరాయిదైపోనాది ఒదినా. ఉప్పేదో పులుపేదో తెలీడం నేదు,” అని ఆ తర్వాత రోజూ వాపోతూ ఉండేది.

“మీలో మాత్రం ఉపవాస ప్రార్థన్లు నేవా?” అంది చిన్నమ్మి. “నాన్న మంచాన పడ్డప్పుడు నువ్వు మూడు దినాలు సెయ్యనేదా?”

“సేసేను. మీ నాన్న పోయేడు.”

చిన్నమ్మి ఏదో అనబోయి, తల్లి మొహంలోకి ఒక్కసారి చూసి, మానేసింది. పిల్లాణ్ణి రెండో రొమ్ముకి మార్చుకుంది.

అనకాపల్లి నుంచి మోటారు సైకిలు మీద ఫాదరుగారు వచ్చిన ఆదివారం మంగాయమ్మ గుడి బయట కాచుకుని నిలబడింది. ఆ గుమ్మం ముందు ఆమెని చూసిన వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. తెల్ల ఫాదరుగారు ఆమె మాట విని, తనకొచ్చిన తెలుగులో గట్టిగానే చెప్పారు. “పాలిచ్చు తల్లికి ఉపవాసము లేదు. తిరుసభ అడుగుట లేదు. ఆమె తినవలెను.”

ఆ మాట పట్టుకుని మంగాయమ్మ పరుగున వెళ్ళింది. చిన్నమ్మి నెమ్మదిగా విని తల అడ్డంగా ఊపింది.

“ఫాదరుగారు సభ కట్టుబాటు సెప్పేరు. ఇది సభ పెట్టింది కాదమ్మా, నాను మొక్కింది. నాను మొక్కింది ఆయనెలా మాఫీ సేస్తారు?”

“మొక్కు తప్పితే ఏటవుతాదే?”

“అత్త సెప్పింది. ఆగిన మొక్కు మొదట్నించీ సెయ్యాల.”

మంగాయమ్మ పైడితల్లి వైపు చూసింది. పైడితల్లి తల దించుకుంది. ఆ నియమం ఫాదరుగారిది కాదు, పాస్టరుగారిదీ కాదు. వీళ్ళ అత్తలూ అమ్మలూ క్రీస్తుని ఎరగని రోజుల్లో గ్రామదేవతకి మొక్కుకున్నప్పటిది. మంగాయమ్మ తల్లి కూడా అదే చెప్పేది. రెండు సంఘాలూ రెండు నీళ్ళలో ముంచి తీసినా ఆ ముక్క మాత్రం నానకుండా మిగిలిపోయింది.

కాంపౌండరు వచ్చి చిన్నమ్మి కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. “రక్తం నేదమ్మా. మేక కాళ్ళ రసం పట్టించండి,” అన్నాడు. మేకపాలు పట్టి చూస్తే పిల్లాడు కక్కేశాడు.

ఆ శనివారం మంగాయమ్మ రెండు మేకకాళ్ళు కొంది. పొయ్యి మీద పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మరిగించి, పాత చీర చెంగులో రెండుసార్లు వడకట్టింది. పైకి తేలిన కొవ్వు గరిటెతో తీసేసింది. ఉలవలు ఉడకబెట్టిన కట్టులో దాన్ని కలిపి, మిరియాలూ వెల్లుల్లీ దట్టంగా వేసి తాళింపు పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఉలవలే. దీపాలు పెట్టే వేళకి ముంత పట్టుకుని కూతురి గుమ్మం ఎక్కింది.

“ఉలవకట్టే. పచ్చిపులుసుకి బదులు ఇది పోసుకో.”

చిన్నమ్మి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నువ్వు నా ఉపవాసానికి ఒండి తెచ్చేవా అమ్మా?”

మంగాయమ్మ మొహం పక్కకి తిప్పుకుని పిల్లాడి గుడ్డలు మడతపెట్టింది.

రోజు విడిచి రోజు ముంత వెళ్ళేది. పైడితల్లికి చదువు లేదు కనక, ఆదివారాలు విడిచి గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేది. గీతలు పదిహేను దాటేసరికి చిన్నమ్మికి పాలు పడ్డాయి. ఇరవై ఐదు దాటేసరికి పిల్లాడి మణికట్ల దగ్గర మడతలు తేలాయి. గానుగ నుంచి వచ్చిన పెదబాబు కొడుకుని గాల్లోకి ఎగరేసి, “ఈడు బెల్లం దిమ్మలాగ అయిపోనాడు అత్తా!” అని మంగాయమ్మతో అన్నాడు. బాప్టిస్టు గుడిలో పాస్టరుగారు బూడిద పూసుకునేవాళ్ళ మీద ఒక విసురు విసిరితే నలుగురు వెనక్కి తిరిగి చూశారు. మంగాయమ్మ పట్టించుకోలేదు. అబద్ధమాడుతున్నానన్న బాధ ఉంది గాని, మణికట్టు మీది ఆ మడత చూడగానే అది పోయేది.

ఈస్టరు పండగకి వారం ముందటి మట్టల ఆదివారం వచ్చింది. చిన్నమ్మి గుడి నుంచి చేతిలో ఈతమట్టతో, కళ్ళు మెరిసిపోతూ వచ్చింది.

“అమ్మా, ఇయ్యాల అందరి ముందూ సాచ్చెం సెప్పేను. నా ఉపవాసం ప్రభువు ఒప్పుకున్నాడు, సూడు మా గుంటణ్ణి అన్నాను. ఇంక పండగ దాకా ఏడు దినాలూ ఆ ఒంటిపూట కూడా మానేస్తాను. మంచినీళ్ళే.”

“పిచ్చా ఏటే నీకు?”

“ఆయన అంత సేస్తే నాను ఈ మాత్రం సెయ్యొద్దా? ఉపవాసంతోటే గదా ఈడు బతికేడు.”

మంగాయమ్మ నోట్లోంచి మాట ఊడిపడింది. “ఉపవాసంతో బతకనేదే. మేకకాళ్ళ రసంతో బతికేడు.”

చిన్నమ్మి ఈతమట్ట చేతిలో పట్టుకునే ఉంది. మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత మూలనున్న ముంత కేసి చూసింది.

“మొదట్నించీనా?”

“నువ్వు సచ్చిపోతావని...”

“మొదట్నించీనా అమ్మా?”

“మొదటి ముంత నుంచి.”

చిన్నమ్మి మట్టని మరియమ్మ పటం వెనక దోపింది. గోడ దగ్గరికి వెళ్ళి, పైటచెంగుతో గీతలన్నీ తుడిచేసింది.

“నాన్నకీ ఇలాగే సేసేవు,” అంది వెనక్కి తిరక్కుండానే. “మూడో దినం మజ్జాన్నం గోడేపు తిరిగి గంజి తాగేవు. నాను సూసేను. సాయంత్రానికి నాన్న పోయేడు.”

అవును, మంగాయమ్మ తాగింది. కళ్ళు తిరిగి పడిపోతే రోగికి నీళ్ళిచ్చే దిక్కుండదని రెండు గుక్కలు తాగింది. ఏడేళ్ళ పిల్ల తలుపు సందులోంచి చూసిందనీ, చూసి పద్నాలుగేళ్ళు కడుపులో దాచుకుందనీ ఆమెకి ఇవాళ్టిదాకా తెలీదు.

“రేపట్నించి మళ్ళీ నలభై,” అంది చిన్నమ్మి. “నీ సేతి మంచినీళ్ళు కూడా వొద్దు.”

వీధిలోకి సాగనంపడానికి వచ్చిన పైడితల్లి అరుగు దిగాక మంగాయమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఎందుకు సెప్పేసేవు ఒదినా?”

“సెప్పకపోతే మంచినీళ్ళతో ఉంటానంటంది గదా.”

“ఏడు దినాలే గదా! నాను ఎలాగో గంజి పట్టిద్దును. నాకు తెలీదనుకున్నావా? సుట్ట మానేస్తే నోరు సచ్చింది గాని ముక్కు సచ్చిందా? మొదటి ముంతకే తెలిసింది. నోరు మూసుకుని, నాను గూడా ప్రభువుని కళ్ళు మూసుకోమన్నాను.” పైడితల్లి గుమ్మం కేసి ఒకసారి చూసింది. “ఆగిన మొక్కు మొదట్నించీ అని సెప్పిన నోరు గూడా ఇదే. ఇప్పుడు కాదంటే అది ఇంటాదా?”

ఈస్టరు నాడు గుడిలో గంటలు మోగాయి. ఇంటింటా మాంసం ఉడికింది. పైడితల్లి చుట్ట ముట్టించి, రెండు పీల్పులకే ఆర్పేసింది. చిన్నమ్మి చీకటి పడ్డాక పిడికెడు అన్నం తింది. ఫాదరుగారు ఇంటికే వచ్చి, పండగ దినాల్లో ఉపవాసం తప్పు అని కోప్పడ్డారు. పెదబాబు పెళ్ళాం కాళ్ళ మీద పడ్డాడు. వెనకటి మొక్కులో ఆదివారాలు కాస్త సడలింపు ఉండేది. ఈసారి చిన్నమ్మి అదీ తీసేసింది. తపస్సు కాలం వెళ్ళిపోయింది, లోకం అంతా తింటోంది, రెండు సంఘాల్లో ఏ ఒక్కటీ అడగని నలభై రోజులు ఆ ఇంట్లో ఒక్కతే నడిపిస్తోంది.

ఎండలు ముదిరాయి. మంగాయమ్మ రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేది. లోపలికి రానిచ్చేవారు గాని ఆమె చేత్తో ఏదీ పుచ్చుకునేవారు కాదు. పిల్లాడి మణికట్ల మీది మడతలు పోయి, చర్మం వదులుగా వేలాడుతోంది. ఏడుపు కూడా అంతే, సన్నబడిపోయింది. వీధిలో బండి వెళ్తే వినిపించదు. మంగాయమ్మ ప్రార్థనకి కళ్ళు మూసుకునేది. ఏమని అడగాలి? కూతురి మొక్కు చెడిపోవాలనా, చెల్లాలనా? ప్రభువా అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేది. పేటల్లో ఆడవాళ్ళు, “ఈ వారం వాక్యానికి రానేదేటమ్మా?” అని అడిగితే ఒంట్లో బాగాలేదంది.

ఒక రోజు మధ్యాహ్నం ఆమె గోడ దగ్గర నిలబడి బొగ్గు గీతలు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. దినాలు లెక్కపెట్టే దేవుడు కాడమ్మా మన దేవుడని ఎన్ని అరుగుల మీద చెప్పిందో ఆమెకే తెలీదు. ఒకటో అరో తక్కువ లెక్కపెట్టానేమోనని మొదటి నుంచి మళ్ళీ వేలితో తడుముతూ వచ్చింది. ముప్ఫై ఒకటే. చివరి గీత పక్కన గోడ మసిమసిగా అలికినట్టు ఉంది.

“ఏటిది?”

పైడితల్లి గొంతు తగ్గించింది. “నిన్న దాని కళ్ళు మూతపడ్డాయి గదాని నాను మూడు గీతలు ఎక్కువ గీసేను ఒదినా. ఎప్పుడు సూసిందో. మంచం పట్టుకుని, గోడ పట్టుకుని లేచొచ్చి సెరిపేసింది. మళ్ళీ మంచం దాకా పోనేకపోనాది. నాను మోసుకెళ్ళేను. పిట్టంత బరువు కూడా నేదు.”

గోడవారన బొగ్గుముక్క పడి ఉంది. మంగాయమ్మ వంగి దాన్ని తీసింది. ఎందుకు తీసిందో తెలీదు. తల తిప్పితే లోపల మంచం మీద చిన్నమ్మి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. తల్లి చేతి కేసే చూస్తోంది. పక్కన పిల్లాడు నోరు తెరిచి, చప్పుడు లేకుండా, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కుంటున్నాడు.

మంగాయమ్మ బొగ్గు కింద పెట్టేసింది. ఇంకా తొమ్మిది రోజులు.