కవర్ల చెక్క

ఒక చెయ్యి భుజం కిందికి, ఒక చెయ్యి నడుము కిందికి పోనిచ్చి సోమయ్య భార్యను గోడవైపు తిప్పాడు. వీపు మీద ఎర్రబడిన చోట తడిగుడ్డతో అద్ది, కాసేపు ఆరనిచ్చి, పౌడరు చల్లాడు. ఆగమ్మకు తిప్పినప్పుడు మూలిగే అలవాటు మంచాన పడ్డ మొదటి చలికాలంతోనే పోయింది. మళ్లీ ఇటు తిప్పి, తల కింద రెండు దిండ్లు పెట్టి, జొన్నజావ చెంచాతో నోటి ఎడమ మూల నుంచి పోశాడు. కుడివైపు పోస్తే జారి మెడ మీదికి వచ్చేస్తుంది.

"ఇయ్యాల తెస్తరా?" అంది ఆగమ్మ. పక్షవాతం వచ్చాక ఆమె మాట మెత్తబడిపోయింది. బయటివాళ్లకు సగమే అర్థమవుతుంది. సోమయ్యకు మొత్తం తెలుస్తుంది.

"తెస్తరంట. ఒళ్ళ పెట్టుకునే కంప్యూటరొకటి, బల్ల మీద పెట్టేదొకటి. సేటు చూసి ఏదన్న ఒకటి ఉంచుకుంటడు."

"ఒళ్ళ పెట్టుకునేదే ఉంచుకోవాలె."

"ఆఁ. అదైతే గీడ కూసోని కొట్టుకోవచ్చు."

ఆగమ్మ జావ మింగి, ఊపిరి తీసుకుంది. "నన్నైతే ఒక్కనాడన్న ఒళ్ళ కూసోబెట్టుకోకపోతివి," అంది. నోటి ఎడమ మూల కొంచెం పైకి లేచింది.

సోమయ్య నవ్వు ఆపుకుంటూ ఆమె మూతి తుడిచాడు.

మంచం పక్కన రెండు ఇటుకల మీద ఒక చెక్క పరిచి ఉంది. ఉస్మాన్‌గంజ్ వెనక సందులో సోమయ్య పనిచేసే పెళ్లికార్డుల అంగడికి కవర్లన్నీ ఒకప్పుడు ఆ చెక్క మీదే తయారయ్యేవి. ఆగమ్మ దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, మైదా గంజిలో వేలు ముంచి, మడతకు ఒక్క గీత గీసి నొక్కేది. కుడిచెయ్యి పడిపోయాక చెక్క గోడకు ఆనింది. ల్యాప్‌టాప్ మాట విన్న రోజున ఆగమ్మే దాన్ని దించమంది. ఎక్కడ పెట్టాలో ఎడమచేత్తో చూపించింది. కిటికీ వెలుగు ల్యాప్‌టాప్ తెర మీద పడకూడదట, తనకు మాత్రం సోమయ్య మొహం కనపడాలట. సోమయ్య చాకుతో గంజి గీకాడు. నడిమి భాగం నున్నబడింది. అంచుల్లో పేరుకున్నది రాయిలా ఉండి రాలేదు. పక్కింటి తీగ నుంచి స్విచ్చుబోర్డు ఒకటి లాగి దాని పక్కన బిగించాడు.

అతను కోరుకున్నది ఇంతే. అంగడికి ల్యాప్‌టాప్ వస్తే పొద్దున పూట అక్కడ పని చూసుకుని, మధ్యాహ్నం నుంచి దాన్ని ఇంటికి తెచ్చుకుని, మంచం పక్కన కూర్చుని కార్డులు కంపోజ్ చేయవచ్చు. ఆగమ్మకు దప్పికైతే నీళ్లియ్యవచ్చు. గంటకోసారి పక్కకు తిప్పవచ్చు. ఈ మాట అతను అంగడి యజమాని కొండల్ సేటుకు మాత్రం చెప్పలేదు.

పక్కింటి బాలమ్మ బర్రెలకు గడ్డి వేస్తోంది. పాలు పోసి వచ్చే మధ్యలో ఆగమ్మను చూసేది ఆమే. సోమయ్య తలుపు దగ్గరికి వేసి, గొళ్లెం పెట్టకుండా, ఆమెకు చెప్పి సైకిలు తీశాడు. ధూల్‌పేట్ సందుల్లోంచి పురానాపూల్ ఎక్కి, మూసీ వాసనకు అలవాటుగా కొంచెం ఊపిరి బిగబట్టి, వంతెన దిగాక వదిలాడు.

అంగడి పొడుగ్గా, ఇరుగ్గా గుహలా ఉంటుంది. రెండు పక్కలా నమూనా కార్డులు, చివర గోడకు ఆనించిన బల్ల, దాని మీద కంప్యూటర్. తెర ఎడమ అంచు ఊదారంగుకు తిరిగింది. కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోయి చాలా కాలమైంది. సోమయ్యకు వాటితో అవసరం లేదు. అతను సీసం అక్షరాలు ఏరి పేర్చే రోజుల్లో ఆ అంగట్లో చేరాడు. ఒకనాడు పొద్దున వచ్చేసరికి అక్షరాల పెట్టెలన్నీ తూకానికి బండి ఎక్కుతున్నాయి. అప్పుడూ అతను ఏమీ అడగలేదు. గడప పక్కన నిలబడి బండికి దారి ఇచ్చాడు. తర్వాత నలభై దాటిన వయసులో రెండు వేళ్లతో టైపు నేర్చుకున్నాడు.

ఆ ఎండాకాలం కరెంటు అతన్ని ఏడిపించింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి కూ అని కూసేలోపే తెర నల్లబడేది. ఆ రోజు పొద్దున మొదలుపెట్టిన కార్డు వైకుంఠం అనే కిరాణా వ్యాపారి కూతురి పెళ్లిది. బావమరిది పేరు చిన్న అక్షరాల్లో పడిందని, అలుగుతాడని, వైకుంఠం స్వయంగా వచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పేరు పెద్దది చేస్తే బాబాయిల వరుస కిందికి జారింది. బాబాయిలను పైకి జరిపితే ముహూర్తం పూలతీగ మీద పడింది. అన్నీ కుదిరి సోమయ్య చెయ్యి సేవ్ చేసే మీట మీదికి పోతుండగా కరెంటు పోయింది.

"మా బామ్మర్ది గిట్లనే పోతడు, మాట నడుమల," అన్నాడు వైకుంఠం.

సోమయ్య నల్లని తెరలో తన మొహం చూస్తూ కూర్చున్నాడు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి కొట్టాడు.

ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా, లేక రెండూనా అని కొండల్ సేటు చలికాలం నుంచి తేల్చుకోలేకపోతున్నాడు. చాయ్ తెచ్చేవాణ్ణి అడిగాడు. ముహూర్తాలు పెట్టే అయ్యగారిని అడిగాడు. కార్డులు వేయించుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకుల్ని సైతం వదల్లేదు. డెస్క్‌టాప్ అయితే చెడిపోయినా గల్లీలో ఎవరైనా బాగుచేస్తారు, తెర పెద్దది. ల్యాప్‌టాప్ అయితే కరెంటు పోయినా నడుస్తుంది, గిరాకీ ఇంటికి తీసుకుపోయి చూపించవచ్చు. రెండూ ఉంటే ఏ లొల్లీ ఉండదు. ఇంతా చెప్పి, సాయంత్రం షట్టరు దించుతూ "రేపు చూద్దాం" అనేవాడు.

ఒక్కసారి సోమయ్యను కూడా అడిగాడు. "నీకేది మంచిగుంటది సోమయ్యా? కూసునేటోనివి నువ్వే గద."

సోమయ్య నోరు తెరిచాడు. "మీ ఇష్టం సేటూ," అన్నాడు. ఆ రోజు ఇంటికి పోతూ సైకిలు మీద దారంతా చెప్పాల్సిన మాటలన్నీ వరుసగా, తడబడకుండా చెప్పుకున్నాడు. పురానాపూల్ మీద ఒకతను వెనక్కి తిరిగి చూశాడు కూడా.

కంప్యూటర్లు అమ్మే భరద్వాజ్ ఆటో దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. గుంటూరు వైపు మనిషి. చొక్కా మడత నలగదు. పెద్ద డబ్బాలు లోపల పెట్టించి, చిన్న సంచీ మాత్రం చంకలో పెట్టుకుని వచ్చాడు. ల్యాప్‌టాప్ తీసి కార్డుల బల్ల మీద తెరిచాడు. సేటు దూరం నుంచి చూశాడు, దగ్గరికి వచ్చి చూశాడు, ఎత్తి బరువు చూశాడు. వైకుంఠం కూడా ఎత్తి చూశాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, సోమయ్య తెర నల్లబడింది, ల్యాప్‌టాప్ మాత్రం వెలుగుతూనే ఉంది.

సేటు చాలాసేపు దాన్నే చూశాడు. "ఇగ ఫికర్ లేదు. ఇదే ఉంచేద్దాం," అన్నాడు.

సోమయ్య లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

భరద్వాజ్ తెలుగు అక్షరాల డిస్కు అడిగి తీసుకుని ల్యాప్‌టాప్‌లో వేశాడు. అంతా ఎక్కింది. సోమయ్యను పిలిచి కొట్టి చూడమన్నాడు. సోమయ్య 'శ్రీరస్తు' అని కొట్టాడు. తెర మీద గీతలు, చుక్కలు, డబ్బాలు వచ్చాయి. మళ్లీ కొట్టాడు. మళ్లీ డబ్బాలే.

"తాళం ఉండాలి కదండీ దీనికి?" అన్నాడు భరద్వాజ్.

అప్పుడు గుర్తొచ్చింది సోమయ్యకు. తెలుగు అక్షరాలు కొన్నప్పుడు వాటితోపాటు బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ ముక్క ఒకటి వచ్చింది. అది కంప్యూటర్ వెనక, ప్రింటర్ తీగ పెట్టే చోట బిగించి ఉంటేనే తెలుగు వస్తుంది. దొంగ నకళ్లు తీయకుండా ఆ ఏర్పాటు. మిషను వచ్చిన రోజున రెండు మరలూ తిప్పి బిగించింది సోమయ్యే. తర్వాత కంప్యూటర్ డబ్బా గోడకు ఆనింది. గోడకూ డబ్బాకూ మధ్య దానికి దుమ్ము పట్టింది, ఇన్నేళ్లలో దాని సంగతి అతనికి ఒక్కసారీ తట్టలేదు.

డబ్బాను జరిపి, వంగి, చెమట కళ్లలో పడుతుండగా మరలు విప్పి తాళం తీసుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌ను ఈ పక్కకు, ఆ పక్కకు తిప్పి చూశారు. సన్నని రంధ్రాలు ఉన్నాయిగాని, ఆ వెడల్పు తాళం పట్టే చోటు ఎక్కడా లేదు.

"ఇప్పుడొచ్చే వాటిలో ఆ పోర్టు తీసేశారండీ," అన్నాడు భరద్వాజ్. "డెస్క్‌టాప్‌కి ఉంది. దీనికైతే కొత్త రకం తాళం, సాఫ్ట్‌వేర్ మళ్లీ కొనాలి. నేనూ ఆలోచించలేదండీ."

"మళ్ల కొనుడా?" అన్నాడు సేటు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

సోమయ్య తాళాన్ని అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఈపాటికి ఇంట్లో ఉండాలి. రోజూ ఈ వేళకు సైకిలు మీద పోయి, ఆగమ్మకు అన్నం మెత్తగా పిసికి పెట్టి, తిప్పి పడుకోబెట్టి వస్తాడు. సేటును చూశాడు. సేటు లెక్కలోనే ఉన్నాడు. చివరికి తేల్చాడు. ల్యాప్‌టాప్ తనింటికి, కాలేజీకి పోయే కూతురు రాగసుధకు పనికొస్తుంది. డెస్క్‌టాప్ అంగడికి. రెండూ ఉంటాయి. పాతదాన్ని భరద్వాజ్ తీసుకుపోవాలి.

"పాతది నాకొద్దండీ. ఎవరూ తీసుకోరు," అన్నాడు భరద్వాజ్.

సోమయ్య ముందు తన గొంతు తనకే వినపడలేదు. రెండోసారి అన్నాడు. "పాతది నాకియ్యిండ్రి సేటూ."

"ఏం చేస్తవ్ దాంతోని?"

"ఇంట్ల పెట్టుకుంట. పగటీలి నుంచి ఆడ కూసోని కొడత. మా ఆమెను ఇడిసిపెట్టి ఉండుడు కష్టమైతుంది. తాళం జేబుల పెట్టుకోని తెస్త, కొంచవోత. పోగొట్ట."

అంత పొడుగు మాట అతను ఆ అంగట్లో ఎన్నడూ అనలేదు. సేటు వింతగా చూశాడు. కోపం లేదు. తాళం చూశాడు, బల్ల చూశాడు. "రేపు చూద్దాం," అన్నాడు. "ముందు వైకుంఠమన్న కార్డు ఇచ్చెయ్."

కరెంటు వచ్చింది. సోమయ్య తాళాన్ని పాత డబ్బా వెనక పెట్టి మరలు రెండూ బిగించాడు. మళ్లీ శ్రీరస్తు, మళ్లీ పూలతీగ, మళ్లీ బాబాయిలు. వేళ్లు ఎప్పుడూ లేనట్టు తప్పులు కొడుతున్నాయి. బావమరిది పేరు మూడుసార్లు చెరిపి రాశాడు. కాగితం ప్రింటరులోంచి వస్తుండగానే వైకుంఠం చేతికిచ్చి, సేటుకు చెప్పకుండానే సైకిలెక్కాడు.

ఎండకు తారు మెత్తబడింది. సందు మలుపులోనే బాలమ్మ కనిపించింది. బర్రెల దగ్గర కాదు, సోమయ్య గడపలో కూర్చుని ఉంది. పాలచెంబు పక్కన ఉత్తగా ఉంది. అతన్ని చూసి లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీళ్లు పోసిన సోమన్నా, తాగింది," అంది. "మిషిని వచ్చిందా అని అడిగింది. సోమన్న వస్తడు తియ్ అన్న. కన్ను మూసుకుంటే నిద్రబోయిందనుకున్న."

సోమయ్య లోపలికి పోయాడు. ఆగమ్మ మొహం చెక్కవైపు తిరిగి ఉంది. ఎడమచెయ్యి మంచం పట్టె మీద ఉంది. దాన్ని తీసి కడుపు మీద పెట్టాడు. తర్వాత, ఎప్పుడూ చేసినట్టే, ఒక చెయ్యి భుజం కిందికి, ఒక చెయ్యి నడుము కిందికి పోనిచ్చాడు. ఎటు తిప్పాలో తోచక అట్లాగే ఉండిపోయాడు. బాలమ్మ వచ్చి అతని చేతులు మెల్లగా తీసింది.

పొద్దు వాలేసరికి వాకిట్లో మనుషులు చేరారు. ఆగమ్మను బయట చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. సోమయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరో అడిగిన దానికి తల ఊపుతున్నాడు.

సందు మొగదల రిక్షా ఆగింది. రిక్షా అతను ఏదో అరుద్దామని నోరు తెరిచి, దీపం చూసి ఆగిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కొత్త డబ్బాలకు అంగట్లో చోటు చాలలేదని, ఈ పాత మిషను సోమయ్య అడిగాడు కదా అని సేటు పంపాడట. అతను అది బాలమ్మ చెవిలో మెల్లగా చెప్పాడు. ఎక్కడ దించాలని అడిగాడు. బాలమ్మ సోమయ్య వైపు చూసింది. సోమయ్య అటు చూడలేదు. ఆమె తలుపు తీసి, లోపలికి చెయ్యి చూపించింది.

రిక్షా అతను ఒక్కొక్కటే మోసుకుపోయి, ఖాళీ మంచం పక్కన చెక్క మీద పెట్టాడు. అతనికి ఏది ముందో ఏది వెనకో తెలియదు. తెరను గోడవైపు తిప్పి పెట్టి, తీగలు చుట్టి పైన వేసి, కాళ్ల చప్పుడు కాకుండా బయటికి వచ్చాడు. రేపు పొద్దున సేటు కొత్త మిషను ముందు కూర్చుని తెలుగు రాలేదంటాడు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. అంచుల్లో గంజి గట్టిపడిన చెక్క మీద, వీపు మంచంవైపు తిప్పుకున్న పాత డబ్బాకు, మధ్యాహ్నం సోమయ్య బిగించిన తాళం రెండు మరలతో అట్లాగే ఉంది.